బొమ్మలు కూడు పెడతాయా?

పదో తరగతి, ఇంటర్ ఫలితాల రోజుల్లో ఫైన్ ఆర్ట్స్ చదువు మీద ఉత్తరాలు గుట్టలుగా వస్తాయి. వాటిలో ఎక్కువ మందికి పనికొచ్చే ఆరింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: మా అమ్మాయి బైపీసీ రెండో ఏడాది. బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) తప్ప మరొకటి చదవనంటోంది. "ఆర్నెల్ల యానిమేషన్ కోర్సు చేస్తే ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు, నాలుగేళ్లు బొమ్మలు వేస్తూ కూర్చోవడం దేనికి?" అని వాళ్ల నాన్న. ఎవరి మాట వినాలి? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఆర్నెల్ల కోర్సు నేర్పేది సాఫ్ట్‌వేర్‌ని. ఏ మీట నొక్కితే ఏమవుతుందో వస్తుంది, బొమ్మ రాదు. అలా వెళ్లినవాళ్లకు స్టూడియోలో మొదట దొరికేది రోటో పని. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములుంటాయి. ఒక్కో ఫ్రేములో మనిషి అంచు చుట్టూ గీత గీసుకుంటూ పోవాలి. అదీ పనే, జీతమూ ఇస్తారు. కానీ స్టోరీబోర్డు, పాత్రల రూపకల్పన, లేఅవుట్ విభాగాలకు ఎదగాలంటే అడిగేది చేతి డ్రాయింగే. చాలామంది రోటో దగ్గరే ఆగిపోవడానికి కారణం అదే.

బీఎఫ్‌ఏ మొదటి ఏడాదిని ఫౌండేషన్ అంటారు. అక్కడ ఏం జరుగుతుందో ఒక్క ఉదాహరణ. నలిగిన పంచె మీద ఇత్తడి చెంబు పెట్టి గీయమంటారు. కొత్త విద్యార్థి మూతిని గుండ్రంగా గీసి, అడుగున సూటిగా అడ్డగీత గీస్తాడు. చెంబు బల్ల మీద చదునుగా కూర్చుందని అతనికి తెలుసు గదా! కానీ మనం పైనుంచి చూస్తున్నాం. మన కంటి ఎత్తు నుంచి కిందికి వెళ్లేకొద్దీ వలయాలు మరింత విచ్చుకుంటాయి. అంటే మూతి సన్నటి అండాకారంలో ఉంటే, అడుగు అంతకన్నా ఎక్కువ వంపు తిరగాలి. ఆ గీత సూటిగా ఉన్నంత కాలం చెంబు గాల్లో తేలుతున్నట్టే ఉంటుంది. తెలిసింది కాక కనిపించింది గీయడం అలవాటు కావడానికి రోజూ గీసినా నెలలు పడుతుంది. సెట్ డిజైనర్‌కూ, చీరల డిజైనర్‌కూ, పుస్తకాలకు బొమ్మలు వేసేవారికీ కావాల్సింది ఈ కన్నే. చిత్రకారుడు తోట వైకుంఠం హైదరాబాద్‌లోనూ బరోడాలోనూ నేర్చుకున్నది చిత్రకళ. 'దాసి' సినిమాకు కళా దర్శకత్వంలో జాతీయ అవార్డు అందుకోవడానికి అది అడ్డు రాలేదు.

ఇక కూడు సంగతి. తొందరగా ఉద్యోగం కావాలంటే అప్లైడ్ ఆర్ట్ మేలు. ప్రకటనలు, పత్రికలు, ప్యాకింగ్, వెబ్, యాప్‌లు, అన్నీ ఆ దారిలోనే ఉన్నాయి. పెయింటింగ్, శిల్పం తీసుకుంటే మొదటి నాలుగైదేళ్లు ఆదాయం నిలకడగా ఉండదు, ఆ మాట అమ్మాయికి ఇప్పుడే చెప్పండి. మధ్యలో మురల్స్ (గోడ చిత్రాలు), పాఠాలు, సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్ లాంటివి చేసుకుంటూ నడుపుకొస్తారు.

ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫరవాలేదు. తెలంగాణలో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం) ప్రవేశాలకు ఫాడీ పరీక్ష ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఏడీసెట్ రాయాలి. ఐఐటీ హైదరాబాద్ బీడిజైన్‌కు (డిజైన్ డిగ్రీ) యూసీడ్ పరీక్ష. డిజైన్, ఫ్యాషన్ సంస్థలైన ఎన్‌ఐడీ, నిఫ్ట్‌లకు వాటి సొంత పరీక్షలు. బీడిజైన్‌లో సమస్య, వాడేవాడు, పరిష్కారం అన్న వరసలో శిక్షణ ఉంటుంది. చేతి పని ఎక్కువ కావాలంటే బీఎఫ్‌ఏనే. వీలైతే రెండు రకాల పరీక్షలూ రాయించండి.

ప్రశ్న: ఎంట్రన్స్‌కు మూడు నెలలుంది. మెమరీ డ్రాయింగ్‌లో (జ్ఞాపకంతో గీసే పేపరు) "సంత", "బస్టాండు" లాంటివి ఇస్తే నా మనుషులు బొమ్మల కొలువులా వరసగా నిలబడుతున్నారు. పోస్టర్ రంగులు కూడా మురికిగా వస్తున్నాయి. – విద్యార్థి, కర్నూలు

జవాబు: బొమ్మల కొలువులా కనిపించడానికి కారణం పాదాలన్నీ ఒకే గీత మీద పెట్టడం. ఆ పద్ధతిని తలకిందులు చేయండి, సమం చేయాల్సింది కళ్లను. మీరు నేల మీద నిలబడి చూస్తున్నారనుకుందాం. కాగితానికి అడ్డంగా సన్నగా ఒక కంటి గీత గీయండి. చదును నేల మీద నిలబడ్డ, మీ ఎత్తున్న మనుషులందరి కళ్లూ, దూరంవాళ్లవైనా దగ్గరివాళ్లవైనా, ఆ గీత మీదే పడతాయి. దగ్గరికొచ్చేకొద్దీ పాదాలు కాగితంలో కిందికి దిగుతాయి, మనిషి పెద్దవుతాడు. పిల్లలూ, కూర్చుని కూరగాయలమ్మే వాళ్లూ ఆ గీతకు కింద. బస్సు మెట్టెక్కినవాడు పైన. ఈ ఒక్కటి పట్టుబడితే సంతలో లోతు వస్తుంది.

రెండోది బిగుసుకుపోవడం. రోజూ బస్టాండులోనో టీ బండి దగ్గరో ఒక్కో నిమిషం చొప్పున 20 మందిని బాల్‌పెన్నుతో గీయండి. పెన్నే ఎందుకంటే చెరపలేరు. ముఖం కాదు, బరువు ఏ కాలి మీదుందో చూడండి. ఒంటికాలి మీద బరువేసి నిలబడ్డ మనిషి గొంతు గుంట నుంచి నిట్టనిలువు గీత దించితే అది ఆ పాదం దగ్గరే పడుతుంది. చంకన బిందె పెట్టుకున్నామె నడుము బిందె వైపు తోసుకొస్తుంది, పైభాగం అవతలికి వాలుతుంది, ఖాళీ చెయ్యి బయటికి చాపుకుంటుంది. ఈ మూడు వంపులు పడితే కన్నూ ముక్కూ లేకపోయినా బొమ్మ నడుస్తుంది. కొలతకైతే నిలబడ్డ మనిషి ఏడు, ఏడున్నర తలల పొడవు. చెయ్యి గడ్డం నుంచి నుదురు దాకా వస్తుంది. దాదాపు అందరూ చేతులు, పాదాలు చిన్నవిగా వేస్తారు.

పేపరు రెండు గంటలైతే మొదటి పది నిమిషాలు అగ్గిపెట్టెంత చిన్న స్కెచ్చులు మూడు వేసి ఒకటి ఎంచుకోండి. నేరుగా పెద్ద కాగితం మీదికి దిగినవాళ్లే ముప్పావుగంట తర్వాత చెరపడం మొదలుపెడతారు.

పోస్టర్ రంగుకు రెండు గ్లాసుల నీళ్లుండాలి. ఒకటి కుంచె కడగడానికి, ఇంకొకటి రంగులో కలపడానికి. ఒకే గ్లాసు వాడటమే మీ మురికికి సగం కారణం. మిగతా సగం ఒకే మిశ్రమంలో మూడు రంగులు దాటిపోవడం. రంగు చిక్కటి మజ్జిగలా జారాలి. మరీ చిక్కనైతే ఆరాక పగుళ్లిస్తుంది, పలచనైతే మచ్చలు పడుతుంది. ఇంకొకటి, లేత రంగులు ఆరాక కాస్త ముదురుతాయి, ముదురువి కాస్త తేలిపోతాయి. చిత్తు కాగితం మీద ఆరబెట్టి చూశాకే వేయండి.

ప్రశ్న: సీటొచ్చింది. మాది వ్యవసాయ కుటుంబం. సామాన్ల ఖర్చుకు భయపడుతున్నాం. మొదటి ఏడాది తప్పనిసరిగా కొనాల్సినవేంటి? – వరంగల్ జిల్లా

జవాబు: 15×22 అంగుళాల ప్లైవుడ్ బోర్డు, నాలుగు క్లిప్పులు. 22×30 అంగుళాల కార్ట్రిడ్జ్ షీట్లు (డ్రాయింగ్ కాగితాలు) కొని సగానికి కోసుకుంటే సరిగ్గా ఆ బోర్డుకు సరిపోతాయి. పెన్సిళ్లు హెచ్‌బీ, 2బీ, 4బీ, 6బీ చాలు. చార్‌కోల్ ఒక పెట్టె. పోస్టర్ రంగుల్లో పెద్ద సీసా తెలుపు, చిన్న సీసాల్లో నలుపు, లెమన్ ఎల్లో, స్కార్లెట్, క్రిమ్సన్, అల్ట్రామెరీన్ నీలం. గుండ్రటి కుంచెలు 2, 6, 10, ఒక అంగుళం చదును కుంచె. 24 రంగుల సెట్టు వద్దు. ఆకుపచ్చ, గోధుమ కలుపుకోవడం నేర్చుకోవడమే ఆ ఏడాది పాఠం.

త్వరిత స్కెచ్చులకు మంచి కాగితం తగలేయకండి. ప్రింటింగ్ ప్రెస్సులో మిగిలిన న్యూస్‌ప్రింట్ కాగితం కిలోల లెక్కన అడగండి. ల్యాప్‌టాప్, డ్రాయింగ్ ట్యాబ్ మొదటి ఏడాది అక్కర్లేదు. అప్లైడ్ ఆర్ట్‌కో యానిమేషన్‌కో వెళితే అప్పుడు 16 జీబీ ర్యామ్ ఉన్నది చూసుకోండి. క్రిటా, ఇంక్‌స్కేప్, బ్లెండర్ సాఫ్ట్‌వేర్లు ఉచితం. సీనియర్లు కోర్సు ముగిశాక బోర్డులు, ఈజిల్స్ (బోర్డు నిలబెట్టే స్టాండ్లు) వదిలి వెళుతుంటారు, ముందే మాట్లాడి పెట్టుకోండి.

ప్రశ్న: అప్లైడ్ ఆర్ట్ మూడో ఏడాది. ఫొటోషాప్‌లో తెలుగు టైప్ చేస్తే వత్తులు విడిపోతున్నాయి. పోస్టర్ అచ్చయ్యాక చిన్న అక్షరాలు అలుక్కుపోయాయి. – విజయవాడ

జవాబు: విడిపోవడానికి కారణం టెక్స్ట్ ఇంజిన్ (సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలను కూర్చే భాగం). ఫొటోషాప్ పాత వెర్షన్లలో అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గరికెళ్లి వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకోండి. ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్-రెడీ కంపోజర్. అను ఫాంట్లతో ఈ గొడవ ఉండదు గానీ అవి యూనికోడ్ కావు. ఆ మ్యాటర్ తీసుకెళ్లి వెబ్‌సైట్‌లో పెడితే పిచ్చి గుర్తులొస్తాయి. రామభద్ర, మండలి, సూరన్న, ఎన్టీఆర్, పొన్నాల వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి.

ఇంగ్లిష్‌కు అలవాటైన లైన్ల ఎడం తెలుగుకు చాలదు. అక్షరం సైజులో 120 శాతం ఇస్తే పై లైను వత్తు కింది లైను గుడిని పొడుస్తుంది. 140 నుంచి 160 శాతం మధ్య ఉంచండి. ఎడం ఖరారు చేసే ముందు "రాష్ట్రం", "స్త్రీ", "కీర్తి" అని ఒకదాని కింద ఒకటి టైప్ చేసి చూడండి. ష కింద రెండు వత్తులు, వాటి కింది లైనులో స్త్రీ గుడి. అక్కడ తగలకపోతే ఇంకెక్కడా తగలదు. అక్షరాల మధ్య ట్రాకింగ్ పెంచకండి, వత్తులు తమ అక్షరం కింది నుంచి పక్కకు జరిగే ప్రమాదముంది. స్థలం చాల్లేదని అడ్డంగా నొక్కకండి. తెలుగు గుండ్రాలు కోడిగుడ్లవుతాయి, నిలువు గీతలు సన్నబడి అడ్డగీతలు లావుగా మిగులుతాయి. సన్నగా గీసిన ఫాంటే వెతుక్కోండి.

అలుక్కుపోవడం ప్రెస్సు తప్పు కాదు. చిన్న అక్షరాలను నాలుగు రంగుల కలయికతో నలుపు చేసి ఉంటారు. ఒక్కో రంగుకు ఒకటి చొప్పున ఉండే నాలుగు ప్లేట్లలో ఒకటి వెంట్రుకవాసి జరిగినా అక్షరం అంచు రంగులు కక్కుతుంది. చిన్న అక్షరాలకు నలుపు ఒక్కటే 100, మిగతా మూడూ సున్నా ఇవ్వండి. పైగా ద–ధ, డ–ఢ, ప–ఫ జంటల్లో తేడా అంతా కింద ఉండే చిన్న పుల్లే. లావు ఫాంటును చిన్న సైజులో వాడితే మొదట పోయేది అదే. చేత్తో లెటరింగ్ చేసేటప్పుడూ ముందు ఆ పుల్లకు చోటు చూసుకుని ఆ తర్వాత అక్షరాన్ని బొద్దు చేయండి. చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు), 300 డీపీఐ సంగతి మీకు తెలిసే ఉంటుంది. ప్రెస్సుకు పంపే ఫైలులో అక్షరాలను అవుట్‌లైన్స్‌గా (మళ్లీ టైప్ చేసి దిద్దలేని ఆకారాలుగా) మార్చండి, మార్చని కాపీ ఒకటి దగ్గరుంచుకోండి. అచ్చుతప్పు బయటపడేది ఎప్పుడూ మార్చాకే.

ప్రశ్న: పెయింటింగ్ ఆఖరి ఏడాది. ఎంఎఫ్‌ఏకా (ఫైన్ ఆర్ట్స్ పీజీ), సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌కా అని ఊగిసలాట. రెండింటికీ ఒకే పోర్ట్‌ఫోలియో (చేసిన పనుల సంపుటి) చాలా? – హైదరాబాద్

జవాబు: చాలదు. రెండు చోట్లా చూసేది వేరు. ఎంఎఫ్‌ఏకు (హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్, బరోడా, శాంతినికేతన్ కళాభవన్) ఒకే ఆలోచన వెంటపడి చేసిన 12, 15 పనులు కావాలి. అన్ని రకాలూ వచ్చునని చూపిస్తే ఏదీ పట్టుకోలేదనుకుంటారు. ఇంటర్వ్యూలో "ఇది ఎందుకు ఇంత పెద్దది?", "నూనె రంగే ఎందుకు?" అని అడుగుతారు, జవాబు సిద్ధంగా ఉండాలి. విభాగం మారడానికి కూడా ఇదే సమయం. చిత్రకారుడు లక్ష్మాగౌడ్ హైదరాబాద్ నుంచి బరోడా వెళ్లి మురల్, ప్రింట్‌మేకింగ్ (అచ్చు తీసే కళ) నేర్చుకున్నారు. ఆయన పేరు చెప్పగానే ఇవాళ గుర్తొచ్చేది ఎచింగులే (లోహపు రేకు మీద ఆమ్లంతో గీతలు తినిపించి అచ్చు తీసిన బొమ్మలు).

ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌కు మీ క్యాన్వాసులు రెండు చాలు. మిగతావి ఒక ఇంటి వసారా 1:50 కొలతలో ప్లాను, ఎలివేషన్ (ఎదురుగా చూసిన రూపం). అట్టతో చేసిన చిన్న మోడల్. ఒక కాలానికి చెందిన వస్తువుల అధ్యయనం, అంటే 1970ల నాటి కిరాణా కొట్టులో త్రాసు, డబ్బాలు, క్యాలెండర్ ఎలా ఉండేవో గీసినవి. సినిమా తారల పెన్సిల్ ముఖాలు ఎంత బాగా కుదిరినా తీసేయండి. ఫొటో చూసి వేశారని క్షణంలో తెలిసిపోతుంది.

పనులను ఫొటో తీసేటప్పుడు ఫ్లాష్ వద్దు. ఉదయం నీడపట్టున గోడకానించి, ఫోను చిత్రానికి సమాంతరంగా పట్టి, రెండడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్‌లో తీయండి. దగ్గర్నుంచి వైడ్ లెన్స్‌తో తీస్తే అంచులు ఉబ్బుతాయి. తెల్ల కాగితం బూడిదగా వస్తే ఎక్స్‌పోజర్ కొంచెం పెంచండి. నూనె రంగులు మెరిస్తే రెండు పక్కల నుంచి 45 డిగ్రీల కోణంలో దీపాలు.

ప్రశ్న: మా అబ్బాయికి ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియదని కంటి డాక్టరు చెప్పారు. వాడికి బొమ్మలంటే ప్రాణం. ఈ చదువు మానిపించాలా? – అనకాపల్లి

జవాబు: మానిపించకండి, విభాగం చూసి ఎంచుకోండి. శిల్పం, ప్రింట్‌మేకింగ్, అక్షరాల రూపకల్పన, నలుపు–తెలుపు ఇలస్ట్రేషన్‌లకు ఈ లోపం అడ్డు కాదు. 19వ శతాబ్దపు ఫ్రెంచి కళాకారుడు షార్ల్ మెరియోఁకు వర్ణాంధత్వం ఉండేది. ఆయన రంగులు వదిలి ఎచింగ్ పట్టుకుని, పారిస్ వీధుల చిత్రాలతో పేరు తెచ్చుకున్నాడు. ఫౌండేషన్ ఏడాదిలో రంగుల పేపర్లు ఎలాగూ తప్పవు. సీసాల మీద పేర్లు పెద్దగా రాసి, ప్యాలెట్‌లో రంగులు రోజూ ఒకే వరసలో పెట్టడం అలవాటు చేయండి. లేత–ముదురు తేడా అతను బాగానే పట్టగలడు, ఆ బలంతో మార్కులు వస్తాయి. కంప్యూటర్‌లో రంగును అంకెలతో సరిచూసుకోవచ్చు. బట్టల డిజైన్, ప్రెస్సులో రంగు సరిచూసే పని మాత్రం వద్దు. చేరిన మొదటి వారంలోనే డ్రాయింగ్ మాస్టారికి ఈ సంగతి చెప్పమనండి. చెప్పకపోతే ఆకుపచ్చ ముఖాన్ని ఆయన అశ్రద్ధ కింద లెక్కేస్తారు.