ఇంజను చచ్చిన గ్రేడరు మీద ఎవరు కూర్చున్నారు?

హన్మకొండ,
ఆదివారం.

తమ్ముడికి,

నీ కథ రెండుసార్లు చదివాను. నర్సంపేట దగ్గరి ఊళ్లో పన్నెండేళ్లుగా తుమ్మచెట్టు కింద పడి ఉన్న పాత గ్రేడరును, అదే రోడ్డు మట్టిని బ్లేడుతో చదును చేసే యంత్రాన్ని, ముగ్గురు మనుషులు రాత్రికి రాత్రి వరంగల్ చేర్చడం మంచి కథావస్తువు. మన దగ్గర రోడ్ల పక్కన తుప్పు పడుతున్న ఇలాంటి యంత్రాలను చాలా చూశాను కానీ, వాటి మీద కథ రాసినవాణ్ణి మాత్రం ఇప్పుడే చూస్తున్నాను. అందుకే కాస్త గట్టిగానే మాట్లాడతాను, ఏమీ అనుకోకు.

నీ గ్రేడరుకు బరువు లేదు. 35 హార్స్‌పవర్ ట్రాక్టరుకు గొలుసు తగిలించావు, చిన్నపిల్లలు అగ్గిపెట్టెకు దారం కట్టి లాగినట్టు అది బుద్ధిగా వెనకే వచ్చేసింది. ఆ కాలపు పెద్ద గ్రేడరు 10 టన్నులకు అటూ ఇటూ ఉంటుంది. ఆ ట్రాక్టరు 2 టన్నులైనా తూగదు. చదునైన తారు రోడ్డు మీద లాగితే లాగవచ్చు. ఎత్తు వస్తే ట్రాక్టరు ముందు చక్రాలు లేస్తాయి. పల్లం వస్తే ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో దేవుడికే తెలియాలి. ఆ దారిలో ఒక్క పల్లమూ లేదన్నట్టు రాశావు.

అంతకంటే పెద్ద లోటు ఇంకొకటుంది. నీ ముగ్గురిలో ఒకడు ట్రాక్టరు మీద, మిగిలిన ఇద్దరూ దాని మడ్‌గార్డుల మీద కూర్చున్నారు. మరి గ్రేడరు మీద ఎవరున్నారు?

ఎద్దుబండిని గానీ నాలుగు చక్రాల ట్రైలరును గానీ చూడు. కాడి ఎటు తిరిగితే బండి అటు, ముందున్న కొక్కెం ఎటు లాగితే ట్రైలరు ముందు ఇరుసు అటు. వెనక మనిషి అక్కర్లేదు. అసలు గ్రేడరు పుట్టింది కూడా అలాగే. మొదట్లో దానికి ఇంజనే లేదు. అమెరికాలో గుర్రాలు, ఆ తరవాత ట్రాక్టర్లు లాగేవి. వెనక పలక మీద నిలబడ్డ మనిషి రెండు చేతిచక్రాలు తిప్పుతూ బ్లేడును ఎత్తీ దించీ చూసుకునేవాడు. 1928లో క్యాటర్‌పిల్లర్ కంపెనీ రసెల్ అనే గ్రేడర్ల కంపెనీని కొన్నది. 1931లో ఇంజనూ గ్రేడరూ ఒకే చట్రంలో ఉండే ‘ఆటో పాట్రోల్’ అనే యంత్రాన్ని తెచ్చింది. 1938లో వచ్చిన నంబర్ 12 గ్రేడరు దాని తరవాతిదే. ఇంజను కడుపులోకి వచ్చాక ముందు ఇరుసుకు కాడితో సంబంధం తెగిపోయింది. ఇప్పుడు నువ్వు గొలుసు కట్టేది చట్రానికి. చట్రాన్ని ఎంత లాగినా టైర్లు వాటంతట అవి తిరగవు. సీటులో మనిషి లేకపోతే మొదటి మలుపులో ట్రాక్టరు రోడ్డు వెంట పోతుంది, గ్రేడరు పొలంలోకి పోతుంది.

నీ కథంతా ఆ సీటులో ఉంది. దాన్ని ఖాళీగా వదిలేశావు.

అక్కడ ఒకణ్ణి కూర్చోబెట్టాలంటే వాడి చేతికి ఏం తెలుస్తుందో నీకు తెలియాలి. ముందుగా స్టీరింగు ఏ రకమో తేల్చుకో. బాగా పాతవాటిలో స్టీరింగు చక్రం నుంచి గేరుబాక్సుకు, అక్కడి నుంచి టైర్లకు ఇనుప రాడ్లే ఉంటాయి. ఇంజను చచ్చినా స్టీరింగు చావదు. యంత్రం నిలబడి ఉన్నప్పుడు మాత్రం ఇద్దరు పట్టినా తిరగదు, కదలడం మొదలయ్యాక వశమవుతుంది. తరవాతి వాటిలో ఆ రాడ్లకు ఆయిలు సాయం చేర్చారు. ఇంజను ఆగితే పంపు ఆగుతుంది, సాయం పోతుంది, రాడ్లు మిగులుతాయి. చేతులు పడిపోయేంత బరువుగా ఉంటుంది గానీ తిరుగుతుంది. ఇంకా తరవాతి వాటిలో స్టీరింగుకూ టైర్లకూ మధ్య రాడ్డే లేదు, ఆయిలు పైపులే. వాటిలో చక్రం కిందున్న యూనిట్ చేతిపంపులా పనిచేస్తుంది. ఎన్నో చుట్లు తిప్పితే టైరు కాస్త కదులుతుంది. పన్నెండేళ్లలో ఆయిలు కారిపోయి ఉంటే అదీ లేదు. నీది ఈ మూడో రకమైతే నీ కథ తుమ్మచెట్టు కిందే అయిపోతుంది, ఇక యంత్రాలను మోసుకెళ్లే లోబెడ్ ట్రాలీ పిలిపించుకోవలసిందే. అందుకని మొదటి రకమే పెట్టుకో.

తరవాత ముందు చక్రాల వాలు. గ్రేడరు ముందు టైర్లు తాగినవాడిలా పక్కకు ఒరిగి ఉండటం చూసి విరిగాయనుకుని, ‘విరిగిన కాళ్లు’ అని రాశావు. అవి విరగలేదు. బ్లేడు ఏటవాలుగా మట్టిని తోస్తుంటే మట్టి యంత్రం ముక్కును పక్కకు నెడుతుంది, దానికి ఎదురు నిలబడటానికే ఆ ఒరగడం. 1885లో ఆడమ్స్ అనే అమెరికన్ తెచ్చిన ఉపాయం, నేటికీ ఉంది. అయితే లాగేటప్పుడు ఆ టైర్లు నిటారుగా ఉండాలి. ఒరిగి ఉంటే ఆ వైపుకే గుంజుతుంటుంది, సీటులోనివాడు దారి పొడవునా దానితో కుస్తీ పట్టాలి. నీ కథకు ఆ కుస్తీ కావాలంటే ఉంచుకో. కాకపోతే తెలిసి ఉంచుకో.

బ్లేడు సంగతి క్లుప్తంగా చెబుతాను. పాతవాటిలో బ్లేడును ఎత్తే గేర్లను తిప్పేదీ ఇంజనే. అది చచ్చిపోతే లీవరు ఎంత లాగినా బ్లేడు నేల వదలదు. బ్లేడును ఎత్తే లిఫ్టు లింకు దగ్గర బాల్ సాకెట్ కీలు విప్పి, జాకీ పెట్టి లేపి, గొలుసుతో చట్రానికి బిగించాలి. 12 అడుగుల బ్లేడు అడ్డంగా ఉంటే ఎదురొచ్చే బస్సుకు తగులుతుంది, తిప్పి లోపలికి సర్దాలి. నీ వాళ్లు ఈ పనంతా చేయకుండానే బయలుదేరారు.

ఇక 1986లో నేను చూసింది చెబుతాను. అప్పుడు నేనొక కాంట్రాక్టరు దగ్గర మస్టర్, అంటే కూలీల హాజరు, రాసే పనిలో ఉన్నాను. పరకాల వైపు పని దగ్గర ఇంజను పట్టేసిన గ్రేడరును వరంగల్ షెడ్డుకు తేవాలి. ముందు టిప్పర్, దానిలో బరువు కోసం సగం కంకర. గట్టి రాడ్డుతో లాగాలని ఆపరేటరు మొదటే చెప్పాడు. రాడ్డు చేయించడానికి ఒక పూట పడుతుందని కాంట్రాక్టరు గొలుసు ఇచ్చాడు. (ఆ మనిషి టీ డబ్బులు కూడా మస్టర్‌లో రాయించేవాడు. ఆ కథ నేను రాసుకుంటాను, నువ్వు ముట్టుకోకు.)

ఆ ఆపరేటరు చేసిన మొదటి పని నాకు బాగా గుర్తుంది. గేరు లీవరు న్యూట్రల్‌లో ఉంది. ఆయన దాన్ని నమ్మలేదు. వెనక టైరు మీద సుద్దముక్కతో గీత గీసి, టిప్పర్‌ను ఒక్క అడుగు ముందుకు లాగమన్నాడు. గీత కదల్లేదు. టైరు తిరగకుండా మొరం మీద ఈడ్చుకుపోయింది. లీవరు న్యూట్రల్ చూపిస్తోంది గానీ లోపల గేరు పడే ఉంది, ఇంజనేమో బిగుసుకుపోయి ఉంది. గేరుబాక్సు మూత విప్పి, స్క్రూడ్రైవరు పెట్టి, లోపల గేర్లను జరిపే ఫోర్కును తట్టి జరిపాడు. మళ్లీ లాగించాడు. ఈసారి గీత పైకి లేచి, అవతలి వైపు దిగింది. అప్పుడు బీడీ వెలిగించుకున్నాడు.

సుద్దగీత అనే మాట నీ కథలో ఉంటే నేను పోస్టులో వెనక్కి పంపేవాణ్ణి కాదు, నేరుగా వచ్చి భుజం తట్టేవాణ్ణి.

దారిలో ఆయన పక్కన నిలబడి వచ్చాను. మనిషి నడిచే వేగానికి కాస్త ఎక్కువ, అంతే. బ్యాటరీ లేదు కనుక హారన్ లేదు. టిప్పర్ డ్రైవరుకు మా కేక వినపడదు. ఎర్ర తువ్వాలు ఒక్కటే మా భాష. టిప్పర్ వెనక కూర్చున్న క్లీనరు దాన్ని చూసి బాడీ మీద దబదబ బాదేవాడు. మలుపుల్లో ఆయన వెంటనే తిప్పేవాడు కాదు. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దాదాపు 6 మీటర్లు, తొందరపడితే వెనక భాగం లోపలి అంచును కోసుకుంటూ వస్తుంది. పైగా వెనక నాలుగు చక్రాలూ జంటలుగా వరసలో ఉండి తిన్నగానే పోతామంటాయి. వదులు మొరం మీదకు రాగానే స్టీరింగు తిప్పినా ముక్కు వినకుండా జారేది. అలాంటప్పుడు ఆయన ఇంకా తిప్పేవాడు కాదు. కాస్త వెనక్కి ఇచ్చి, పట్టు దొరికాక మళ్లీ తీసుకునేవాడు.

నేను ఉత్సాహంగా స్టీరింగు చక్రం మీద ఒక చెయ్యి వేశాను. ఆయన నా బొటనవేలును పట్టుకుని చక్రం బయటికి తీశాడు. నాకు అర్థం కాలేదు. కాసేపటికి ముందు టైరు ఒక రాయి ఎక్కింది. చక్రం ఉన్నట్టుండి గిర్రున అర చుట్టు తిరిగింది. వేలు లోపల ఉండి ఉంటే ఊచ తగిలి ఎముక విరిగేది. ఆయన ఏమీ అనలేదు, నావైపు చూశాడు, అంతే.

చెరువు కట్ట దిగేటప్పుడు టిప్పర్ బ్రేకు వేసింది. మాకు బ్రేకుల్లేవు. ఉండేవే వెనక చక్రాలకు, అవీ ఎప్పుడో ఎండిపోయాయి. బిగుతుగా ఉన్న గొలుసు ఒక్కసారిగా వదులై రోడ్డు మీద పడింది. ఆ చప్పుడు చాలా చిన్నది తమ్ముడూ, బిందె మీద గొలుసు జారినంత. అప్పటి దాకా మమ్మల్ని పట్టుకుని ఉన్నది ఏదో వదిలేసిందని ఆ చప్పుడుతోనే తెలిసింది. టిప్పర్ వెనక బాడీ మా మీదికి పెరుగుతూ వచ్చింది, దాని మీద క్లీనరు. ఆపరేటరు దాని వైపు చూడలేదు. రోడ్డు పక్కన మరమ్మతు కోసం పోసిన మొరం కుప్ప వైపు చూశాడు. ఎటు చూశాడో చేతులు అటు తిప్పాయి. ముక్కు కుప్పలోకి దిగబడి ఆగింది. మళ్లీ బిగుసుకున్న గొలుసు టిప్పర్ కొక్కేన్ని వంచేసింది. క్లీనరు కిందికి దూకి వాంతి చేసుకున్నాడు.

రాత్రంతా అక్కడే ఉన్నాం. తెల్లారాక పాత ఇరుసు పైపుకు రెండు వైపులా కళ్లు వెల్డింగ్ చేయించి తెచ్చారు. అంటే ఒక పూట ఎలాగూ పోయింది.

నీ కథలోనూ పల్లం ఉండాలి అంటున్నది ఇందుకు. ప్రమాదం జరగాలని కాదు, జరగకపోయినా ఫరవాలేదు. లాగేవాడికి ఇంజనుంది, బ్రేకుంది, హారనుంది. వెనక కూర్చున్నవాడికి దిశ ఒక్కటే ఉంది. వాడు ఆపలేడు, నడపలేడు, పిలవలేడు. తిప్పగలడు. నీ ముగ్గురిలో ఎవరిని అక్కడ కూర్చోబెడతావో ఆలోచించు. నాకైతే రెండో పేజీలో అప్పుల సంగతి ఎత్తిన పెద్దవాడు సరిపోతాడనిపించింది. వాడి గురించి నువ్వు రెండు పేజీల వ్యాఖ్యానం రాశావు. సీటు ఎక్కిస్తే అది అక్కర్లేదు.

భాష గురించి ఒక్క మాట. ‘యంత్రరాజం మృత్యుఘోషతో మూలిగింది’ అన్నావు. ఇంజను లేని గ్రేడరును లాగితే ఆశ్చర్యమేసేంత నిశ్శబ్దంగా ఉంటుంది. టైర్ల కింద కంకర నలగడం, ఎండిపోయిన బేరింగు కీచుమనడం, గొలుసు. వాటిని రాయి, మూలుగు నేను వింటాను. గ్రేడరును గ్రేడరనే అను.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ఇప్పుడే ఎక్కడికీ వద్దు. ముందు ఆ తుమ్మచెట్టు దగ్గరికి మళ్లీ వెళ్లు. స్టీరింగు పట్టుకుని తిప్పి చూడు, కదలకపోతే ఎంత బలం పెడితే కదల్లేదో రాసుకో. పక్కన చిన్న పెట్రోలు ఇంజను ఉందేమో చూడు. పాత క్యాటర్‌పిల్లర్‌లలో పెద్ద డీజిల్ ఇంజనును లేపడానికి రెండు సిలిండర్ల పిల్ల ఇంజను ఉండేది. తల్లి చచ్చి పిల్ల బతికి ఉన్న బండ్లు కూడా చూశాను. ఉంటే నీ కథ మళ్లీ మారుతుంది.

ఇంకొకటి, మూడో పేజీ చివర ‘గ్రేడరు గొట్టంలోంచి నల్లటి పొగ చిమ్మింది’ అని ఉంది. ఇంజను పట్టేసిందని మొదటి పేజీలో నువ్వే చెప్పావు. ఆ పొగ ట్రాక్టరుదైతే ట్రాక్టరుదని రాయి.

ఆశీస్సులతో,
మీ అన్న