ముద్ర పడని పాస్‌పోర్టు

ప్రశ్న: తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి దగ్గరగా ఉన్న ఒక లాడ్జిలో 31 ఏళ్లుగా రిసెప్షన్‌లో పనిచేస్తున్నాను. విదేశీయులు దిగితే వాళ్ల పాస్‌పోర్టు చూసి వివరాల ఫారం నింపాలి. ఫారం పని అయిపోయాక కూడా ఆ పేజీలు తిప్పి ముద్రలు చూసేవాణ్ని. కొన్ని ఆకుపచ్చ, కొన్ని ఊదా, కొన్ని ఎరుపు. అన్ని దేశాల ముద్రలూ నా పాస్‌పోర్టులో పడాలని అప్పటినుంచీ కోరిక. 2016లో పాస్‌పోర్టు తీసుకున్నాను. ఈ నవంబరుతో గడువు తీరిపోతుంది, ఒక్క పేజీలోనూ ముద్ర లేదు. నాకు 57 ఏళ్లు. పిల్లలిద్దరూ స్థిరపడ్డారు. బ్యాంకులో 4 లక్షల 20 వేలు దాచాను, పీఎఫ్ వేరే ఉంది. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. "మీరు వెళ్లి రండి" అంటుంది. ఈ వయసులో ఇది పిచ్చేనా? ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: పిచ్చి కాదండీ. చిత్తూరులో 28 ఏళ్లు పిల్లలకు భూగోళం పాఠం చెప్పి, రిటైరయ్యాకే మొదటిసారి విమానం ఎక్కినదాన్ని నేను. ఇప్పటికి 34 దేశాలు చూశాను. పటం మీద వేలు పెట్టి చూపించిన ఊళ్లకు వెళ్లి నిలబడితే ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి, మీ కోరికను తగ్గించుకోమని నేను చెప్పను. లెక్క మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాను.

ఐక్యరాజ్యసమితిలో 193 సభ్యదేశాలున్నాయి. పరిశీలక హోదా ఉన్న వాటికన్, పాలస్తీనాలను కలిపితే 195. డెన్మార్క్‌కు చెందిన థోర్ పెడర్సన్ తన లెక్కలో 203 దేశాలు పెట్టుకుని, విమానం ఎక్కకుండా 2013లో బయలుదేరి 2023లో మాల్దీవులతో ముగించారు. ఏ దేశంలోనైనా కనీసం 24 గంటలు గడపాలన్నది ఆయన పెట్టుకున్న నియమం. అది నాకు నచ్చి నేనూ పాటిస్తున్నాను. విమానం మారడానికి దిగిన ఊరిని నేను లెక్కలో వేసుకోను.

మీ దగ్గరున్న డబ్బుతో 195 పూర్తి కావు. పీఎఫ్ మొత్తం పెట్టినా కావు, దయచేసి దాని జోలికి వెళ్లకండి. అయితే కొచ్చిలో శ్రీ బాలాజీ కాఫీ హౌస్ అనే చిన్న టీ కొట్టు నడిపిన విజయన్, మోహన దంపతుల సంగతి మీరు వినే ఉంటారు. రోజుకు 300 రూపాయలు పక్కనపెట్టి, చాలనప్పుడు అప్పు చేసి, తిరిగొచ్చి టీ అమ్మి ఆ అప్పు తీర్చి, ఇద్దరూ 26 దేశాలు చూశారు. 2021 నవంబరులో విజయన్ కన్నుమూశారు. అప్పు చేయమని నేను అనను కానీ, రోజూ ఇంత అని తీసిపెట్టే పద్ధతి మాత్రం ఈ రోజే మొదలుపెట్టండి. ఉద్యోగం ఉన్న ఈ ఏళ్లే మీకు బలం.

ముందు పాస్‌పోర్టు. నవంబరు దాకా ఆగవద్దు. గడువుకు ఏడాది ముందు నుంచే కొత్తదానికి దరఖాస్తు చేసుకోవచ్చు. పైగా చాలా దేశాలు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలంటాయి కాబట్టి, ఇప్పుడు మీ చేతిలో ఉన్నది దాదాపు పనికిరానట్టే. పాస్‌పోర్టు సేవా కేంద్రం తిరుపతిలోనే ఉంది. 36 పేజీల పుస్తకానికి 1,500, 60 పేజీలదానికి 2,000 రూపాయలు. మీరు 60 పేజీలదే అడగండి. ఒక్కో వీసా స్టిక్కరు ఒక పేజీని మింగేస్తుంది.

ఇక మొదటి దేశం. అందరూ నేపాల్ అంటారు. ఓటరు కార్డుతో వెళ్లిరావచ్చు, ఖర్చూ తక్కువే. కానీ గోరఖ్‌పూర్ మీదుగా సోనౌలి దగ్గర సరిహద్దు దాటే మనవాళ్లకు ముద్ర వేయరు. 31 ఏళ్లు పరాయి ముద్రలు చూసిన మీకు అది అన్యాయం. మీరు మారిషస్ వెళ్లండి. మనకు ముందుగా వీసా అక్కరలేదు. 19వ శతాబ్దంలో చెరకు తోటల పనికి ఓడలెక్కి వెళ్లిన తెలుగువారి వారసులు అక్కడున్నారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవుదినం. ఒక గుడిలో నా పక్కన కూర్చున్న ముసలాయనకు తెలుగులో మాట్లాడడం రాదు, రామభజన మాత్రం పదం తప్పకుండా పాడాడు. ఎప్పుడు నేర్చుకున్నారని సైగ చేసి అడిగితే, అరచేతిని నేలకు మూరెడు ఎత్తున పెట్టి చూపించాడు. ఆ పూట నాకు ఇంకెక్కడికీ వెళ్లాలనిపించలేదు.

రెండో ఏడాది ఐరోపా. ఒక్క షెంగెన్ వీసాతో 29 దేశాలు తిరగవచ్చు, 180 రోజుల్లో 90 రోజులు మించకూడదు. మీ పట్టిక ఒక్కసారిగా పెరిగేది ఇక్కడే. దరఖాస్తు చెన్నైలో ఇవ్వవచ్చు, 30,000 యూరోలకు తగ్గని ప్రయాణ బీమా చూపాలి. నాకు మొదటిసారి ఈ వీసా ఇవ్వలేదు. ఖాతాలో డబ్బు తక్కువగా కనిపిస్తుందని, దరఖాస్తుకు వారం ముందు మా తమ్ముడి దగ్గర రెండు లక్షలు తెచ్చి వేశాను. ఆ డబ్బు ఎక్కడిదో కాగితాలతో చూపలేకపోయాను. ఆ తిరస్కరణ ఉత్తరం పట్టుకుని బస్సులో చిత్తూరు దాకా ఏడుస్తూ వచ్చాను. మీ 4 లక్షలు ఏళ్లుగా జమ అయినవి కదా, వాటిని కదిలించకండి. జీతం పడుతూ, ఖర్చవుతూ ఉన్న ఖాతాకే విలువ.

ఒక్క విషయంలో మాత్రం తొందరపడండి. కెన్యా, ఇథియోపియా, బ్రెజిల్ వంటి దేశాల నుంచి తిరిగి వచ్చేవారిని మన విమానాశ్రయాల్లో ఎల్లో ఫీవర్ టీకా పత్రం అడుగుతారు. లేకపోతే క్వారంటైన్‌లో ఉంచవచ్చు. చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఈ టీకా వేస్తారు. వేసిన పది రోజులకు పత్రం అమల్లోకి వస్తుంది, ఆ తర్వాత జీవితాంతం చెల్లుతుంది. 60 దాటాక ఈ టీకాతో ప్రమాదం కొంత ఎక్కువ కాబట్టి వైద్యులు ఆలోచించి వేస్తారు. మీకింకా మూడేళ్లుంది. ఆఫ్రికా ఎప్పుడో అనుకున్నా, మీ డాక్టరును అడిగి టీకా సంగతి ఇప్పుడే తేల్చుకోండి.

మీ ఆవిడ "మీరు వెళ్లి రండి" అన్నారని రాశారు. ఆవిడ రానని చెప్పారా, రాలేనని చెప్పారా? ఇంకోసారి అడగండి. మారిషస్‌లో మెట్లు ఎక్కకుండా చూడగల సముద్రతీరాలు చాలా ఉన్నాయి. విమానాశ్రయంలో చక్రాల కుర్చీ కావాలని టికెట్ తీసుకునేటప్పుడే చెబితే ఏర్పాటు చేస్తారు.

వీసా నిబంధనలు తరచూ మారుతుంటాయి. టికెట్ కొనేముందు ఆ దేశ రాయబార కార్యాలయం వెబ్‌సైట్ చూసుకోండి. మొదటి ముద్ర పడ్డాక, అది ఏ రంగులో పడిందో నాకు రాయండి.