బ్రష్‌ని వెనక్కి తిప్పి చూడు

చిరంజీవి స్వాతికి, పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న మీ ఇంటికొచ్చినప్పుడు స్టాండులో బ్రష్‌లు చూశాను. బాబుది నమిలి నమిలి ముద్దయిపోయింది. అల్లుడుగారిది రెండు పక్కలకీ విచ్చుకుపోయింది. ఫోన్లో చెబితే మర్చిపోతావని రాస్తున్నాను.

పళ్ల డాక్టర్లు 3, 4 నెలలకోసారి మార్చమంటారు. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ మాటా అదే. కానీ అది ఆఖరి గడువు. ఈలోపే కుచ్చు పాడైతే ఆ రోజే తీసెయ్యాలి. బ్రష్‌ని వెనక్కి తిప్పి పట్టుకో. ప్లాస్టిక్ తల అంచు దాటి పోగులు బయటికి కనబడుతుంటే దాని పని అయిపోయినట్టే. పోగు నిటారుగా ఉంటేనే కొస చిగురు అంచుకి వెళ్లి పాచి తీస్తుంది. వంగిన పోగు పంటి మీద జారిపోతుంది. నురగ మాత్రం ఎప్పట్లాగే వస్తుంది కాబట్టి తోముకున్నామనే అనుకుంటాం. కింది ముందుపళ్ల వెనక నాలుకతో తడిమి చూడు, గరుకుగా ఉంటే పాచి అక్కడే ఉంది.

అల్లుడుగారి బ్రష్ కొని నెలే అయిందన్నావు. నెలకే అలా అయిందంటే చెయ్యి బరువన్నమాట. ఊరికే కొత్తది కొనిస్తే అదీ ఇంతే అవుతుంది. సాఫ్ట్ అని రాసి ఉన్నదే కొను. పిడికిలితో కాకుండా పెన్ను పట్టుకున్నట్టు వేళ్లతో పట్టుకోమను. గట్టిగా రుద్దితే చిగురు వెనక్కి పోతుంది, పంటి మొదలు అరుగుతుంది, చల్లనీళ్లు తగిలినా జివ్వుమంటుంది. పోయిన చిగురు తనంతట తాను తిరిగి రాదమ్మా. ఇది మాత్రం ఆయనతో గట్టిగానే చెప్పు.

మీ తాతయ్య రోజూ కొత్త వేపపుల్ల విరుచుకునేవారు, నిన్నటిది ముట్టుకునేవారు కాదు. మనం ఒక్కదాన్నే నెలల తరబడి నోట్లో పెట్టుకుంటున్నాం కదా, అందుకే శుభ్రం కావాలి. తోముకున్నాక కొళాయి కింద కడిగి, నిలబెట్టి గాలికి ఆరనివ్వు. టోపీ ప్రయాణాలకే, తడి మీద మూత పెడితే సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఒకరి కుచ్చు ఇంకొకరి దానికి తగలనివ్వకు.

పిల్లలు నములుతారు కాబట్టి వాళ్లవి తొందరగా పోతాయి, బాబుది వారానికోసారి చూస్తుండు. కొన్నరోజే పిడి మీద మార్కరుతో నెల రాసి పెట్టుకో.

పాతవాటితో దువ్వెనలు, దీపపు కుందులు, మిక్సీ మూత రబ్బరు తోముకోవచ్చు. పిడికి దారం కట్టి వంటింట్లో పెట్టు. స్టాండులోనే వదిలేస్తే బాబు మళ్లీ దాన్నే నోట్లో పెట్టుకుంటాడు.

మీ పెద్దమ్మ