సందేహం–సమాధానం: చెవులపిల్లికి తలుపు లేదు, నత్తకు ఉంది

ప్రశ్న: మా అమ్మాయిని అడవి కుందేలు (చెవులపిల్లి), మంచినీటి నత్తలను పోలుస్తూ చార్టు చేసి తెమ్మన్నారు. వేగం తప్ప ఏమీ తట్టడం లేదు. చూపిద్దామని తెచ్చిన రెండు నత్తలేమో, సీసా నిండా నీళ్లు పోసి మూత బిగిస్తే రెండో రోజుకే చచ్చిపోయాయి. ఎందుకు?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ఊపిరాడక. చెరువుల్లో, వరిమళ్లలో దొరికే పెద్ద నత్త, అంటే పైలాకు మొప్పతో పాటు ఊపిరితిత్తి కూడా ఉంటుంది. ఎడమవైపు గొట్టాన్ని నీటిపైకి చాచి గాలి పీలుస్తుంది. నిండు సీసాలో ఆ గాలేదీ? ఈసారి పది లీటర్ల తొట్టిలో ఆరు లీటర్లే పోయండి. కుళాయి నీళ్లయితే ఒకరోజు ముందే పట్టి, మూత లేకుండా ఉంచండి, క్లోరిన్ పోతుంది. పైన జాలీ కప్పి బరువు పెట్టకపోతే రాత్రికి గోడెక్కి పారిపోతుంది. తోటకూర వేసి, మిగిలింది మర్నాడే తీసేయండి, లేకపోతే నీళ్లు కుళ్లుతాయి. రాగి కలిసిన చేపల మందు మాత్రం దగ్గరకు రానీయకండి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి. పచ్చి నత్త తింటే మెదడుకు చేటు చేసే ఎలుక పురుగు (ఎలుకల ఊపిరితిత్తుల్లో పెరిగే నులిపురుగు) సోకే ప్రమాదముంది.

మూసుకున్న ప్రతి నత్తా చచ్చినట్టు కాదు. చస్తే గుల్ల నోటిని మూసే తలుపు వదులై వేలాడుతుంది, కంపు కొడుతుంది. ఎండాకాలం చెరువు ఎండితే బురదలో దిగి, ఆ గట్టి తలుపు బిగించుకుని నెలల తరబడి పడుకుంటుంది.

చార్టుకు అసలు సరుకు ఇదే. మన చెవులపిల్లికి దాక్కోవడానికి బొరియ కూడా ఉండదు. పెంపుడు కుందేలులా తవ్వదు, గడ్డిలో ఒళ్లు పట్టేంత గుంటలో కదలకుండా కూర్చుంటుంది. అందుకే దాని పిల్లలు బొచ్చుతో, కళ్లు తెరిచి పుడతాయి. పెంపుడు కుందేలు పిల్లలు బోసిగా, గుడ్డిగా పుడతాయి.

పళ్లూ రాయించండి. చెవులపిల్లికి పై ముందుపళ్ల వెనక ఇంకో చిన్న జత ఉంటుంది, ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. నత్త నాలుక ఆకురాయి లాంటిది, వరుసకు ఏడు పళ్లు. అరిగినవి పోతే వెనక నుంచి కొత్తవి వస్తాయి. నత్త రక్తంలో ఇనుముకు బదులు రాగి ఉండటంతో నీలిఛాయగా ఉంటుంది.

చెవులపిల్లిని మాత్రం ఇంటికి తేవద్దు. 1972 వన్యప్రాణి చట్టం ఒప్పదు. బెంగళూరు దగ్గరి హెసరఘట్ట గడ్డి మైదానంలో గట్టి, గుండ్రటి పెంటికలు వెతికి ఫొటో తీస్తే చాలు. మెత్తటివి కనబడవు, వాటిని అదే మళ్లీ తినేస్తుంది. గడ్డిలో పిల్ల ఒంటరిగా కనిపించినా ఎత్తుకోకండి. తల్లి చీకటి పడ్డాకే వచ్చి పాలిచ్చి పోతుంది.