ఎర్రపెన్ను పక్కన పెట్టి చదువు

చిట్టితల్లీ,

ఈ వీకెండ్ లాప్‌టాప్ మూసేసి ఒక ఫాల్ రొమాన్స్ నవల, అదే అమెరికా ఆకురాలు కాలంలో నడిచే ప్రేమకథ, పట్టుకుని కూర్చుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పీహెచ్‌డీలో చేరాక సరదాకి పుస్తకం ముట్టుకోవడం ఇదే మొదటిసారట, వినగానే ప్రాణం లేచొచ్చింది. వెంటనే భయం కూడా వేసింది. సినిమాకి తీసుకెళ్తే ఇంటర్వెల్‌లోనే క్లైమాక్స్ చెప్పేసి పక్క సీటు వాళ్లతో చీవాట్లు తిన్న పిల్లవి నువ్వు.

ఫోన్ వేరే గదిలో పెట్టు. కడుపునిండా తిని కూర్చో. అసలు సంగతి కొవ్వొత్తి. దాల్చినచెక్క వాసనది కొన్నావటగా, దుప్పటి కప్పుకుని చదువుతూ చదువుతూ నిద్రపోయేదానివి, దాన్ని వెలిగించావంటే ఊరుకోను. మూత తీసి పెట్టుకో, వాసన అదే వస్తుంది.

ఇక కథంటావా, అది నీకూ తెలుసు నాకూ తెలుసు. న్యూయార్క్‌లో ఉద్యోగం పోయిన అమ్మాయి వెర్మాంట్‌లో ఒక చిన్న ఊరికొస్తుంది, పోయిన మేనత్త పుస్తకాల షాపు ఈమెకి రాసిపెట్టి ఉంటుంది, ఎదురుగా బేకరీలో ఎప్పుడూ మొహం మాడ్చుకుని ఉండే అబ్బాయి. వానరాత్రి లాడ్జిలో ఒకటే గది, అందులో ఒకటే మంచం. పుస్తకం మూడొంతులయ్యాక, ఒక్క ముక్క అడిగితే తేలిపోయే అపార్థానికి విడిపోతారు. చివర్లో గుమ్మడికాయల పండగ, ఊరందరి ముందూ ముద్దు. సుఖాంతం ఈ రకం నవలకి షరతు, అమెరికా రొమాన్స్ రచయితల సంఘం ఇచ్చిన నిర్వచనంలోనే అది ఉంది. కాబట్టి ముందే కనిపెట్టేశానని మురిసిపోకు.

మీ అమ్మ అలాగే మురిసిపోయేది. వారపత్రిక వచ్చిన రోజు అమ్మమ్మ గిన్నెలు తొందరగా తోమేసి, వంటింటి గడప మీద కూర్చుని సీరియల్ పైకి చదివేది, హీరో మాట రాగానే గొంతు బొంగురు చేసి మరీ. మేం పడీ పడీ నవ్వేవాళ్లం. మీ అమ్మ ఇంటర్‌లో చేరి తెలివి మీరిందేమో, "ఇంకేముంది, వచ్చే వారం వాడొచ్చి బతిమాలతాడు, పెళ్లయిపోతుంది" అని ప్రతిసారీ మధ్యలో అడ్డుపడేది. దాని అంచనా ఒక్కటీ తప్పలేదు, కానీ అమ్మమ్మ పైకి చదవడం మానేసింది. నేను అడిగితే, "పెళ్లవుతుందని నాకు తెలీదుటే? ఎలా బతిమాలతాడో చూద్దామని కదా" అంది. ఆ బొంగురు గొంతు మళ్లీ ఇంట్లో వినపడలేదు. ఇప్పుడు మీ అమ్మే ఎక్కడైనా రికార్డు చేసుంటే బాగుండేది అంటుంది, ఏం లాభం.

అందుకే ఏం జరుగుతుందన్నది వదిలేసి ఎలా జరుగుతుందో చూడు. ఇద్దరూ దెప్పుకునే మాటలు చూడు, ముందు ఎవరు తగ్గుతారో చూడు, ఊళ్లో ముసలమ్మలు కూడి వీళ్లిద్దరి మీద పందాలు కాయడం చూడు. తప్పులు పట్టకుండా ఉండలేవు కనుక ఒకటి నేనే ఇస్తున్నా: హీరో అక్టోబర్లో మేపుల్ పాకం కాస్తుంటే హాయిగా నవ్వుకో. ఆ చెట్ల నీరు తీసేది చలికాలం చివర్లో, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు, సుమారు 40 లీటర్లు మరిగిస్తే ఒక లీటరు పాకం వస్తుంది. మీ అన్నయ్య దగ్గరికి వచ్చినప్పుడు అక్కడి రైతునే అడిగాను. వీళ్లు తెగ వర్ణించే పంప్‌కిన్ స్పైస్ లాటే, అదే గుమ్మడికాయ పేరు పెట్టిన మసాలా కాఫీ, కూడా అంతే, స్టార్‌బక్స్ 2003లో మొదలుపెడితే 2015 దాకా అందులో గుమ్మడికాయే లేదట!

ఒక్క విషయంలో మాత్రం నా మాట విను. నవల్లో విసుక్కునేవాడి మనసు వెన్న అని రాసినావిడకి ముందే తెలుసు. మీ డిపార్ట్‌మెంట్లో విసుక్కునేవాడి గురించి ఎవరూ ఏమీ రాసిపెట్టలేదు, వాడు కరుగుతాడని నువ్వు కాచుకుని కూర్చోకు. ఉన్నాడా అలాంటివాడు? ఉంటే మీ అమ్మకంటే ముందు నాకు చెప్పు, తిట్టనులే.

ఆదివారం రాత్రి ఫోన్ చెయ్యి. అదే నవల మీ అన్నయ్య నా ట్యాబ్‌లో వేసిపెట్టాడు, సగం అయింది. పెళ్లి సంగతి సరే, పుస్తకాల షాపు పిల్లి దొరికిందో లేదో మాత్రం చెప్పకు.

ప్రేమతో,
పెద్దమ్మ