సున్నా మైళ్ల రోజుకు రెండు రాత్రుల అద్దె

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అమెరికా పౌరసత్వం ఉంది, పెళ్లి కాలేదు. వచ్చే ఫిబ్రవరిలో ఉద్యోగం మానేసి, మార్చిలో అపలాచియన్ ట్రయల్ (అమెరికా తూర్పు కొండల మీదుగా పోయే పొడవాటి కాలిబాట) నడక మొదలుపెడుతున్నాను. నెలకు 1,500 చొప్పున ఆరు నెలలకు 9,000 డాలర్లు పక్కన పెట్టాను. అత్యవసర నిధి 14,000 వేరుగా ఉంది. అయిదు రోజులకోసారి ఊళ్లోకి దిగి ఒక రోజంతా విశ్రాంతి తీసుకోవాలని అనుకుంటున్నాను. వీపు మీద గుడారం ఉండగా గది అద్దె దుబారా అంటున్నారు నాన్న. ఈ డబ్బు సరిపోతుందా?

జవాబు: సరిపోదు. నెలల లెక్కన కట్టడం వల్లే మీకు ఆ సంగతి కనబడలేదు.

జార్జియాలోని స్ప్రింగర్ కొండ నుంచి మెయిన్‌లోని కటాడిన్ దాకా 14 రాష్ట్రాలు, దాదాపు 2,190 మైళ్లు. నడిచే రోజుల్లో పర్సు తీసే పనే ఉండదు. దారి పొడవునా రాత్రి తలదాచుకునే పాకలు, అంటే షెల్టర్లు, 250కి పైగా ఉన్నాయి, చాలావాటికి అద్దె లేదు. తిండి మీ వీపు మీదే ఉంటుంది. అలిపిరి మెట్లెక్కిన వారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. ఎక్కుతున్నంతసేపు జేబులోంచి రూపాయి కదలదు, గాలిగోపురం దగ్గర కూలబడగానే సోడా, బజ్జీలు, పిల్లలకు బొమ్మ. అందుకని మీరు లెక్క కట్టవలసింది ఎన్నిసార్లు ఊళ్లోకి దిగుతారు, దిగినప్పుడు ఎంతసేపు ఉంటారు అని.

ఒక్క మైలూ నడవని రోజును అక్కడి నడక మనుషులు జీరో అంటారు. ఊరు చేరడానికో, వదలడానికో నాలుగైదు మైళ్లు మాత్రమే నడిచిన రోజు నీరో. (ఫిడేలు వాయించాడంటారే, ఆ రోము చక్రవర్తికి దీంతో సంబంధం లేదు. జీరోకు దగ్గర కాబట్టి ఆ పేరు.)

జీరో అంటే ఒక రోజు ఖర్చు అని మీరు అనుకున్నట్టున్నారు. బిల్లులో మాత్రం రెండు రాత్రులు పడతాయి. బుధవారం సాయంత్రం ఆరింటికి దిగుతారు, గురువారమంతా పడుకుంటారు, శుక్రవారం టిఫిను తిని బయల్దేరుతారు. హాస్టల్లో మంచానికి రాత్రికి 45 డాలర్లు, పూట భోజనం 20, బట్టల ఉతుకుడు 10, వచ్చే అయిదు రోజుల సరుకులు 60 అనుకుందాం. రెండు రాత్రులు, అయిదు పూటలు కలిపి 260. ఆరు నెలల్లో 36 సార్లు దిగితే 9,360. బూట్లు ఇంకా కొననే లేదు.

అదే బుధవారం ఊరికి దగ్గరి షెల్టర్‌లో చీకటితోనే లేచి, పదింటికల్లా ఊళ్లో ఉండండి. స్నానం, ఉతుకుడు, సరుకులు, రెండు పూటల తిండి, ఒక రాత్రి మెత్తటి పడక. మర్నాడు మధ్యాహ్నం తిని దారి పట్టండి. నాలుగు పూటలు, ఒకే రాత్రి: 195. జీరోతో పోలిస్తే ఊళ్లో ఉండేది పన్నెండు గంటలు తక్కువ, మిగిలేది 65 డాలర్లు. సరుకులు కొని, ఒక పూట తిని వెళ్లిపోతే 80తో పోతుంది.

36లో 12 సార్లు కొని వెళ్లిపోవడం, 16 నీరోలు, 8 జీరోలు పెట్టుకోండి. మొత్తం 6,160. నాలుగు జతల బూట్లు జతకు 140 చొప్పున 560, దారిలో వచ్చే స్మోకీ పర్వతాల నేషనల్ పార్కు పర్మిట్ 40, ఫోను 240 కలిపితే సరిగ్గా 7,000.

ఆ ఎనిమిది జీరోలను దారి ఊరి మధ్యగా పోయేచోట వాడండి. మొదటి 275 మైళ్ల దగ్గర హాట్ స్ప్రింగ్స్, 470 దగ్గర డమాస్కస్, వెయ్యి దాటాక హార్పర్స్ ఫెర్రీ అలాంటివి. ఫ్రాంక్లిన్ లాంటి ఊరు దారికి పది మైళ్ల దూరం, రానూ పోనూ బండి వెతుక్కోవాలి. హానోవర్ వీధిలోంచే దారి పోతుంది కానీ అది కాలేజీ ఊరు, గదులు ఖరీదు. అక్కడ తిని కదలండి. డమాస్కస్‌లో మే నెల ఉత్సవం రోజుల్లో మంచం దొరకడం కష్టం. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను ఆ ఊరినీ హాట్ స్ప్రింగ్స్‌నూ బాగా దెబ్బతీసింది, అందుకని బస ముందుగా ఫోన్ చేసి ఖాయం చేసుకోండి. ఎనిమిదిలో మూడు ఏ ఊరికీ కేటాయించకుండా జ్వరానికీ, పాదాలకూ వదిలేయండి.

మీ నాన్నగారి మాటలో సగం న్యాయం ఉంది. కొన్ని హాస్టళ్లు పెరట్లో గుడారం వేసుకోనిస్తాయి, మంచం కంటే చవక. కానీ విశ్రాంతినే కోసేస్తే నేను ఒప్పుకోను. పిక్క నొప్పితో పంతానికి నడిచి, చివరికి వారం రోజులు మోటెల్‌లో పడి ఉంటే అద్దెతో పాటు ఎక్స్‌రే బిల్లు కూడా మీ మీదే పడుతుంది.

అసలు భయం రెండో జీరోది. వాన పడుతుంటుంది, తోటివాళ్లు రేపు వెళదాం అంటారు. మనిషిని వదలని ఇలాంటి ఊళ్లను వాళ్లు సుడిగుండాలు అని ఊరికే అనరు. అదనపు రోజు ఒక్కోటి 105 డాలర్లు. పైగా అక్టోబరు మధ్యకల్లా కటాడిన్ ఎక్కెయ్యాలి. ఇంకో సుడిగుండం పోస్టాఫీసు. ఇంటి నుంచి కందిపొడి, మాగాయ పార్సిల్ చేయించుకున్నారనుకోండి. శనివారం మూడింటికి చేరితే చిన్న ఊళ్లో తలుపు వేసి ఉంటుంది, సోమవారం దాకా కాపలా. ఆ మాగాయకు రెండు రాత్రుల అద్దె పడుతుంది. పార్సిల్‌ను బస చేసే హాస్టల్ చిరునామాకు పంపించుకోండి. ఉన్న బట్టలన్నీ మిషన్లో వేసి, ఒంటి మీద వానకోటు ఒక్కటీ వేసుకుని కూర్చున్నప్పుడు చిల్లర కోసం వీధిలోకి వెళ్లలేరు, పావలా డాలరు నాణేలు ఓ గుప్పెడు దగ్గర ఉంచుకోండి.

మిగిలిన 2,000 ఆరోగ్య బీమాకు. మీ లెక్కలో అది ఎక్కడా లేదు! ఉద్యోగం పోగానే కోబ్రా అనే చట్టం కింద పాత బీమా కొనసాగించవచ్చు, కానీ యజమాని వాటా కూడా మీరే కట్టాలి. ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో కొత్తది తీసుకోవడానికి 60 రోజుల గడువు ఉంటుంది. టెక్సాస్ బయట అత్యవసర వైద్యానికి తప్ప పనికిరాని పాలసీ చవకగా వచ్చినా వద్దు. 2,000 చాలకపోతే ఫిబ్రవరి లోపల ఆ తేడా కూడబెట్టండి. 14,000 ముట్టుకోవద్దు, తిరిగొచ్చాక ఉద్యోగం దొరికేదాకా మీ ఇంటద్దె అదే. (హెచ్-1బీ మీద ఉన్న పాఠకులు ఈ జవాబు చూసి రాజీనామా రాయకండి. ఉద్యోగం మానేశాక మీకున్న వెసులుబాటు గరిష్ఠంగా 60 రోజులే.)

7,000ను వేరే ఖాతాలో పెట్టి, ప్రతి సోమవారం 270 డాలర్లు దారి ఖర్చుల కార్డుకు వచ్చేలా బ్యాంకులో ఏర్పాటు చేసుకోండి. కార్డులో 200 కంటే తక్కువ ఉన్న వారం ఊరు వస్తే, సరుకులు కొని కదలండి.