డార్జిలింగ్ ఎప్పుడు వెళ్లాలి, ఏ టీ తెచ్చుకోవాలి?

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో పిల్లలతో డార్జిలింగ్ వెళ్దామనుకుంటున్నాం. టీ ఫ్యాక్టరీ నడుస్తుండగా చూడాలని ఉంది. ఇంకో సందేహం. బంధువులు అక్కడినుంచి తెచ్చిన పొడితో టీ పెడితే ఉత్త పాలు తాగినట్టే ఉంది. అది నకిలీదా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: సంక్రాంతికి వెళ్తే కాంచన్‌జంగ చక్కగా కనబడే అవకాశం ఎక్కువ. ఫ్యాక్టరీ మాత్రం ఆగిపోయి ఉంటుందండీ. చలికి మొక్క చిగురు వేయదు. నవంబరు చివరికల్లా ఆకు కోత ముగించి కొమ్మలు కత్తిరిస్తారు. మళ్లీ కోత మొదలయ్యేది ఫిబ్రవరి చివర, మార్చిలో. దాన్నే ఫస్ట్ ఫ్లష్ అంటారు.

మీకు కుదిరేది వేసవి సెలవులు. మే చివరికి సెకండ్ ఫ్లష్ కోత జోరుగా ఉంటుంది. కాంచన్‌జంగ మబ్బులో దాక్కుంటే ఏమీ అనుకోకూడదు మరి! జూన్ రెండో వారం దాటితే వానలు, దారిలో కొండచరియలు.

కోసిన ఆకును తొట్లలో పరిచి, కిందనుంచి గాలి పంపి, రాత్రంతా అంటే 14–16 గంటలు వాడబెడతారు. నలిపే యంత్రాలు తిరిగేది పొద్దున్నే. మధ్యాహ్నం వెళ్తే జల్లెడ పట్టడమే చూస్తారు. ఆదివారం కోత ఉండదు కాబట్టి సోమవారం యంత్రాలకు పని ఉండదు. హ్యాపీ వ్యాలీ తోట ఊరిని ఆనుకునే ఉంది. దిగడం తేలికే, తిరిగి ఎక్కేటప్పుడే ఆయాసం.

కన్యాకుమారి–డిబ్రూగఢ్ వివేక్ ఎక్స్‌ప్రెస్ మీ ఊరి మీదుగానే న్యూ జల్పాయిగురి వెళ్తుంది. అక్కడినుంచి షేర్ జీపులో సుమారు 75 కిలోమీటర్లు, మూడు నాలుగు గంటలు. మలుపులెక్కువ, పిల్లలకు కడుపునిండా పెట్టి ఎక్కించకండి. టాయ్ ట్రైన్‌లో ఈ దారంతా వెళ్తే ఏడు గంటలు దాటుతుంది. డార్జిలింగ్ చేరాక ఘూమ్ దాకా వెళ్లి వచ్చే రెండు గంటల జాయ్ రైడ్ చాలు.

ఇక పొడి సంగతి. నకిలీ అనుకోనక్కర్లేదు, పెట్టిన పద్ధతి దానికి పడలేదు. మన పాలటీకి వాడేది సీటీసీ. పళ్ల రోలర్ల మధ్య ఆకును చిదిమి గుళికలు చేస్తారు కాబట్టి రంగు, చిక్కదనం వెంటనే దిగి పాలకు తట్టుకుంటాయి. డార్జిలింగ్‌ది మెలితిప్పిన ఆకు. పాలలో మరిగిస్తే దాని సువాసనంతా ఆవిరైపోతుంది. 150 మిల్లీలీటర్ల నీళ్లు మరిగించి దించండి. ఒక నిమిషం ఆగి 2 గ్రాములు, అంటే నిండు టీ చెంచా ఆకు వేసి మూత పెట్టండి. మూడు నిమిషాలకు వడకట్టాలి, ఆలస్యమైతే వగరెక్కుతుంది. పాలు వద్దు.

ప్యాకెట్ మీద టీ బోర్డు వారి డార్జిలింగ్ ముద్ర, తోట పేరు, ఏ ఫ్లష్ అన్నది చూసి 100 గ్రాములు కొంటే చాలు. ఇంట్లో మసాలా డబ్బాల పక్కన పెట్టకండి, వాసన లాగేసుకుంటుంది. రోజూ తాగే పాలటీకైతే తిరుగు దారిలో సిలిగురిలో డువార్స్ (కొండల దిగువ ప్రాంతం) సీటీసీ కొనుక్కోండి.